గుర్రాల కొట్టంలో డ్రాయింగ్ క్లాసు

(నెల్లూరు టౌన్‌హాల్లో డ్రాయింగ్ టీచర్లు, విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కింద కూర్చున్న పిలకాయలకు ఇంకో నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళు మధ్యలో లేచిపోతారు, మీరు పోలేరు. మీ మాస్టార్లు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. (నవ్వులు)

వలసపోయిన చిత్రకారుడి గురించి మాట్లాడమన్నారు నన్ను. ఫోన్ చేసినాయన "మీరైతే బాగుంటుంది సార్, మీదీ ఈ జిల్లా కాదు కదా" అన్నాడు. కందుకూరు పక్కన పల్లెటూరు మాది. నేను పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లానే. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు. ఇన్ని మార్పుల్లోనూ మా ఇంటి ముందు వేపచెట్టు అంగుళం కదల్లేదు. నేను వలస పోలేదబ్బా, జిల్లానే నా మీదుగా అటూ ఇటూ పోయింది. (నవ్వులు)

నిజంగా వలసపోయినాయన గురించి చెప్తాను. పేరు చియురా ఒబాటా. 1885లో జపాన్‌లోని ఒకయామా ప్రాంతంలో పుట్టాడు. ఉత్తరాన సెండాయ్ పట్నంలో పెరిగాడు. ఇంట్లో పెట్టిన పేరు చియురా కాదు, జొరోకు. పెద్దయ్యాక సెండాయ్ సముద్రతీరం గుర్తుగా చియురా అని పెట్టుకున్నాడు. వాళ్ళ భాషలో 'చి' అంటే వెయ్యి, 'ఉరా' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటు. పులికాట్ చూసినవాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఏడేళ్ళకు కుంచె పట్టించారు. 14 ఏళ్ళకు ఇంట్లోంచి పారిపోయి టోక్యోలో మురాటా టాన్‌ర్యో అనే చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. 17 ఏళ్ళకు, 1903లో, ఓడెక్కి అమెరికా చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనివాడిగా ఉంటూ చదువుకున్నాడు. ఆర్ట్ స్కూల్లో చేరాడు, నచ్చక మానేశాడు. అక్కడి జపనీస్ పత్రికలకు బొమ్మలు వేసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాడు. ఇంతవరకూ వలసపోయిన కుర్రాళ్ళ కథలన్నీ ఇట్టాగే ఉంటాయి కాబట్టి తొందరగా చెప్పేశాను.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ చిన్న నల్ల కడ్డీ చూడండి. వెనకవాళ్ళకు కనపడదు, తర్వాత వచ్చి చూడండి. దీన్ని వాళ్ళు సుమి అంటారు. సిరా కడ్డీ. నున్నటి రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి దీన్ని గుండ్రంగా అరగదీస్తే సిరా వస్తుంది. దేనితో చేస్తారో తెలుసా? మసితో.

మా అమ్మ కాటుక పట్టేది. సాయంత్రం ఆముదం ప్రమిద వెలిగించి, రెండు ఇటుకలు నిలబెట్టి, వాటి మీద ఇత్తడి పళ్ళెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్ళెం అడుగున నల్లటి పట్టులాంటి మసి. దాన్ని ఆకుతో గీకి, కాస్త ఆముదం కలిపి భరిణెలో పెట్టేది. జపాన్‌లో నారా అనే పట్నంలో చేసేదీ అదే పని. నూనె దీపాల మీద మట్టి మూకుళ్ళు బోర్లిస్తారు, మసి గీకుతారు. ఆముదం బదులు తోళ్ళు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు కలిపి, పిసికి, అచ్చుల్లో పెట్టి నొక్కి, నెలల తరబడి ఆరబెడతారు. మనం కళ్ళకు పెట్టుకున్నాం, వాళ్ళు కాగితానికి పెట్టారు. మొదటిసారి ఈ కడ్డీ అరగదీసినప్పుడు, నమ్మండి, నాకు మా అమ్మ కాటుక భరిణె వాసనే వచ్చినట్టనిపించింది. వాళ్ళు అందులో కర్పూరం లాంటివి కూడా కలుపుతారట.

ఒబాటా ప్రత్యేకత ఏందంటే, ఈ మసి సిరానీ అమెరికాలో దొరికే నీటి రంగుల్నీ ఒకే బొమ్మలో కలిపాడు. కొన్ని కాగితం మీద, కొన్ని పట్టుగుడ్డ మీద. నల్ల గీతలో చెట్టు నిలబడి ఉంటుంది, దాని వెనక ఆకాశం తడి తడిగా పారిపోతుంటుంది. ఆయిల్ పెయింటింగ్‌లో తప్పు చేస్తే గీకి, మళ్ళీ పూయొచ్చు. నీటి రంగులో ఆ పప్పులుడకవు. పట్టు మీద సిరా అయితే మరీ కష్టం. పడ్డ చుక్క పడ్డట్టే. పిలకాయలూ, మీరు కెమెల్ ట్యూబు పిండి పోస్టర్ కలర్ పూసినట్టు పూస్తారు చూడండీ, నీళ్ళంటే భయం మీకు. నీటి రంగులో సగం పని నీళ్ళకు వదిలెయ్యాలి.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత మంటలు, మూడు రోజులపాటు ఊరు కాలింది. మూడువేల మందికి పైగా చనిపోయారని లెక్క. ఒబాటాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. గుడారాల్లో తలదాచుకున్నాడు. అదే సమయంలో బయటికి పోయి కూలిన గోడల్నీ పొగ ఆకాశాన్నీ స్కెచ్‌లు వేశాడు. నా దృష్టిలో ఆయన జీవితం మొత్తానికి ఇది మొదటి బొమ్మ. ఏం జరిగినా సరే, ముందు పుస్తకం తెరిచి ఎదురుగా ఉన్నది గీసుకోవడం ఆయన అలవాటు.

1912లో హరుకో అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇకెబానా టీచరు, పూలు అమర్చే విద్య నేర్పేది. ఇంటికి ఇద్దరు మాస్టార్లన్నమాట. జీతాల సంగతి అడక్కండి. (నవ్వులు) 1924లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒపేరా వాళ్ళ నాటకానికి తెరలు, సెట్టింగులు డిజైన్ చేశాడు. మన సురభి వాళ్ళ తెరలు చూసినవాళ్ళకు ఆ పని ఎంత పెద్దదో తెలుసు.

అప్పటి అమెరికా గురించి ఒక మాట చెప్పాలి. ఈ హాల్లో సగంమందికి పిల్లలో మనవళ్ళో అక్కడున్నారు. ఆ రోజుల్లో ఆసియావాళ్ళకు అక్కడ పౌరసత్వం ఇచ్చేవాళ్ళు కాదు. 1922లో ఒజావా అనే జపనీయుడి కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. మరుసటి ఏడు, 1923లో, మనవాడు భగత్ సింగ్ థింద్ కేసులోనూ అదే తీర్పు. 1924లో జపాన్ నుంచి వలసలే ఆపేశారు. ఒబాటా నడిచిపోతుంటే మీద ఉమ్మేసినవాళ్ళున్నారు. ఎందుకంటే ఆయన ముఖం. అంతకంటే కారణం లేదు.

ఇట్టాంటి చోట ఉండి, 1927 వేసవిలో ఆయన యోసెమిటీ కొండలకు పోయాడు. బర్క్‌లీ యూనివర్సిటీలో ఆర్ట్ చెప్పే వర్త్ రైడర్ తోడు. ఆరు వారాలు గుడారం వేసుకుని, ఎండలో మంచులో తిరుగుతూ, వంద దాకా బొమ్మలు వేశాడు. ప్రకృతిని ఆయన దైషిజెన్ అనేవాడు, మహాప్రకృతి అని. ఆ బొమ్మల్లో మనుషులు పెద్దగా కనపడరు. ఎందుకు కనపడరని కొందరు రకరకాలుగా రాశారు. కొండల మధ్య ఆయన్ని నువ్వు ఏ దేశంవాడివి అని అడిగేవాళ్ళు లేరు, అది నా లెక్క. తప్పయితే తప్పనండి.

ఆ బొమ్మల్లో కొన్నింటిని 1928లో జపాన్ తీసుకుపోయి చెక్క అచ్చులుగా వేయించాడు. టోక్యోలో తకామిజావా అనే ముద్రణశాల. 35 బొమ్మలు. ఇందులో పని విధానం చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మన ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు చూశారు కదా? ఒక్క కర్రముక్క నుంచి, చిన్న ఉలితో, గరిటె కాడ చివర పువ్వు తీస్తారు. అట్టాంటి చెయ్యి తిరిగిన పనివాళ్ళు 32 మంది చెక్కడానికి, 40 మంది అచ్చువేయడానికి కూర్చున్నారు. రంగుకొక చెక్క. ఒక్కో రంగు లేతగా, మళ్ళీ కాస్త ముదురుగా, ఒకదాని మీద ఒకటి. ఒక్క బొమ్మ పూర్తి కావడానికి వందకు పైగా అచ్చులు పడేవి. ప్రతిసారీ కాగితం తడి ఒకేలా ఉండాలి, లేకపోతే సాగిపోయి గీత తప్పుతుంది. అంత కష్టపడీ దేనికంటే, చూసేవాడికి అది ఒక్క ఊపులో, ఒక్క కుంచెతో, నీళ్ళు పారించి వేసిన బొమ్మలాగా కనపడాలని! ఏడాదిన్నర పట్టింది. నచ్చనివి పక్కన పారేయించాడు. ఆ ముద్రణశాల వాళ్ళు ఈయన్ని ఎన్ని తిట్టుకున్నారో.

తిరిగొచ్చాక, 1932 నుంచి బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. పౌరసత్వం లేదు, పాఠం మాత్రం వాళ్ళ పిల్లలకే. ఈయన క్లాసుకు పిల్లలు ఎగబడి వచ్చేవాళ్ళు.

ఇక నేను అసలు చెప్పాలని వచ్చిన సంగతి.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. బర్క్‌లీలో టెలిగ్రాఫ్ అవెన్యూ మీద ఒబాటాకు చిన్న ఆర్ట్ దుకాణం ఉండేది. దాని మీదికి ఎవరో తుపాకీ పేల్చారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతివాళ్ళను, లక్షా ఇరవైవేల మంది దాకా, ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. వాళ్ళలో ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. చేతికి అందినంత సామాను, అంతే. మిగతాది అయినకాడికి అమ్ముకున్నారు. ఒబాటా పోయేముందు తన బొమ్మలు అమ్మకానికి పెట్టాడు. వందకు పైగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బు యూనివర్సిటీ పిల్లల స్కాలర్‌షిప్‌కు ఇచ్చి వెళ్ళాడు. ఇది నిజమా అని నేను రెండుసార్లు చదివాను. నిజమే.

ఏప్రిల్ చివర్లో ఆయన్నీ ఇంటివాళ్ళనూ టాన్‌ఫొరాన్‌కు తీసుకుపోయారు. అది గుర్రప్పందేల మైదానం. గుర్రాల కొట్టాలనే ఇళ్ళుగా ఇచ్చారు. గోడలకు సున్నం కొట్టారు, ఎట్టా కొట్టారంటే సాలెగూళ్ళు, గడ్డిపరకలు, గుర్రం వెంట్రుకలు అన్నీ సున్నంలోనే అతుక్కుపోయి ఉన్నాయి. ఎండ ఎక్కితే కింద చెక్కల్లోంచి గుర్రాల కంపు. ఎనిమిదివేల మంది దాకా ఉన్నారక్కడ.

అక్కడికి పోయిన నెలరోజుల్లోపే ఒబాటా ఆర్ట్ స్కూలు పెట్టాడు.

నేను ఉద్యోగం చేసిన ఒక బళ్ళో, ఏ బడో చెప్పను, డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారికి ఎగస్ట్రా పీరియడ్. టైంటేబుల్లో మాత్రం నా పేరుంటుంది. పదో తరగతి దగ్గర పడితే "మీ పీరియడ్ ఈ వారం వదిలెయ్యండి మాస్టారూ, బొమ్మలు ఎక్కడికి పోతాయి" అనేవాళ్ళు. డ్రాయింగ్ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం మూటలు వేశారు. మూటల మధ్యే కూర్చుని రిటైరయ్యాను. మనకు సీలింగ్ ఫ్యాను తిరిగే గది ఉండి కూడా డ్రాయింగ్ అనవసరం అనిపించింది. కంచె వేసి, తుపాకీ పట్టుకుని కాపలా ఉన్న చోట, రేపేం జరుగుతుందో తెలియని మనుషులు, ముందు కావాల్సింది డ్రాయింగ్ అనుకున్నారు. వందలమంది చేరారు. చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా. బర్క్‌లీ నుంచి స్నేహితులు, పాత విద్యార్థులు కాగితాలు, రంగులు పంపారు. శిబిరంలోనే ఉన్న మినే ఒకుబో లాంటి చిత్రకారులు పాఠాలు చెప్పారు.

దీని గురించి "కళ మనసుకు ఊరట" అని రాస్తారు పుస్తకాల్లో. ఏమో. నాకు తెలిసింది ఒకటే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చింది, ఈ హాల్లో అందరికీ గుర్తే. సోమశిల నుంచి నీళ్ళు వదిలారు, పెన్న ఒడ్డున కాలనీలు మునిగాయి. కొన్ని కుటుంబాలను ఒక బళ్ళో ఉంచారు. నేను ఊరికే చూసొద్దామని పోయా, చేతిలో తెల్ల కాగితాల కట్ట, రెండు పెట్టెల క్రేయాన్లు. పెద్దవాళ్ళు అన్నం పొట్లాల లైన్లో ఉన్నారు. పిలకాయలు నా చుట్టూ మూగారు. ఏడేళ్ళ పిలగాడు ముందు కాగితం అడుగున ఒక గీత గీసి, అది నీళ్ళు అన్నాడు. మళ్ళీ దాన్ని కొట్టేసి పైకి గీశాడు. ఇంకా పైకి. చివరికి కాగితంలో ముప్పావు వంతు నీళ్ళే. తర్వాత నన్ను చూసి, "సార్, మా టీవీ ఏడ గీయాలి?" అన్నాడు. ఆ పిలగాడు టీవీ మునిగిందో లేదో లెక్క చూసుకుంటున్నాడు. గోడ మీద ఎంత ఎత్తులో ఉండేది, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి. కాగితం మీద తేల్చుకున్నాడు. మునిగింది. ఒక నల్ల డబ్బా నీళ్ళ కింద గీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరట లాంటిదేమీ వాడి ముఖంలో నేను చూడలా. లెక్క తేలినవాడి ముఖం.

ఒబాటా స్కూల్లో ఆ మనుషులూ అదే చేశారేమో అని నాకు అప్పటి నుంచీ అనిపిస్తుంది.

1942 సెప్టెంబరులో వాళ్ళను యూటా రాష్ట్రంలో టోపాజ్ అనే ఎడారి శిబిరానికి మార్చారు. పేరు చూడండి, పుష్యరాగం! తీరా చూస్తే దుమ్ము. గాలి లేస్తే పక్క బారక్ కనపడదు. అక్కడా స్కూలు పెట్టాడు ఒబాటా. దుమ్మునూ, కంచెనూ, సాయంత్రం వెలుగునూ గీశాడు. 1943 ఏప్రిల్‌లో కంచె దగ్గర నడుస్తున్న 63 ఏళ్ళ జేమ్స్ వకాసా అనే పెద్దాయన్ని కాపలా సైనికుడు కాల్చి చంపాడు. కెమెరాలు లేనిచోట అది. పడిపోతున్న ఆ మనిషిని ఒబాటా మసి సిరాతో గీశాడు. కొన్ని గీతలు, ముందుకు ఒరిగిన ఒళ్ళు. కొండల మీద మేఘాన్ని గీసిన చెయ్యే అది. అందులో ఎక్కడా అరుపు లేదు. నా మట్టుకు నాకు ఆయన వేసిన వెన్నెల బొమ్మలన్నిటికన్నా ఆ చిన్న స్కెచ్ పెద్దది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఆ నెలలోనే ఒబాటా మీద కూడా దాడి జరిగింది. కొట్టింది సైనికులు కాదు, రాత్రిపూట శిబిరంలోనే తోటివాడు. నువ్వు అమెరికాకు విధేయుడివా కాదా అని ప్రభుత్వం అందరి చేతా కాగితాలు నింపించిన సమయం అది. శిబిరం రెండుగా చీలింది. ఆఫీసర్లతో మాట్లాడి స్కూలు నడుపుతున్నాడు కాబట్టి వాళ్ళ మనిషి అనుకున్నారు. బయటివాళ్ళకు జపనీయుడు, లోపలివాళ్ళలో కొందరికి అమెరికావాడు. ఆసుపత్రి నుంచి లేచాక ఆయన్ని వదిలేశారు. సెయింట్ లూయిస్ పోయాడు. కొడుకు గ్యో అక్కడ చదువుకుంటున్నాడు. ఇంటివాళ్ళను శిబిరానికి తీసుకుపోకముందే అతను ఆ ఊరి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని బయటపడ్డాడు.

ఆ గ్యో ఒబాటా తర్వాత పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యాడు. వాషింగ్టన్‌లో విమానాలు, రాకెట్లు పెట్టిన నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం ఆయన డిజైనే, 1976లో తెరిచారు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడలెక్కి చూసేవాళ్ళం మనం, మనకా మ్యూజియం తెలియకుండా ఉండదు. అమెరికా పోయినప్పుడు దాని ముందు నిలబడి ఫోటో దిగి వాట్సాప్‌లో పంపినవాళ్ళు ఇక్కడే ఉంటారు. ఈసారి పోతే, గుర్రాల కొట్టంలో పడుకున్న మనిషి కొడుకు కట్టింది అని గుర్తుపెట్టుకోండి.

యుద్ధం అయిపోయాక, 1945లో, ఒబాటా బర్క్‌లీకి తిరిగొచ్చి మళ్ళీ అదే ఉద్యోగంలో చేరాడు. 1952లో పౌరసత్వం చట్టం మారింది. 1954లో ఆయనకు పౌరసత్వం వచ్చింది. ఓడ దిగిన 51 ఏళ్ళకు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు, అమెరికావాళ్ళను గుంపులుగా జపాన్ తీసుకుపోయి తోటలు, గుళ్ళు చూపించేవాడు. టూర్ గైడ్! 1975లో చనిపోయాడు.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్తా. శిబిరాల గురించి ఆయన మాటల్లో కోపం నాకు చాలినంత కనపడదు. ఆయనతో ఉన్న మినే ఒకుబో బొమ్మల్లో వెటకారం ఉంది, కసి ఉంది. ఈయన సూర్యాస్తమయం గీస్తాడు. వయసులో ఉన్నప్పుడు నాకు ఇది మింగుడు పడలేదు. ఇప్పుడు కొంత పడుతోంది, పూర్తిగా పడలేదు. మా కనిగిరి, పామూరు వైపు నుంచి కరువుకు బెంగళూరు, హైదరాబాద్ పనులకు పోయినవాళ్ళు ఉన్నారు. పండక్కి వస్తే అక్కడ పడ్డ పాట్లు చెప్పరు. అక్కడి మెట్రో ఎంత ఎత్తున పోతుందో చెప్తారు. అబద్ధం చెప్తున్నారని అనలేను వాళ్ళని.

నా టైం అయిపోయిందని ఈ సభ పెట్టినాయన చెయ్యి ఊపుతున్నాడు. ఇంకో రెండు నిమిషాలయ్యా.

పిలకాయలూ, ఇట్టా రండి. తోసుకోకండి, అందరికీ వస్తుంది. ఈ రాయి మాది, చీమకుర్తి నల్లరాయి, పాలిష్ ఫ్యాక్టరీ బయట పడేసిన ముక్క. జపాన్ రాయి కొనాలంటే నా పెన్షన్ చాలదు. కడ్డీని నిలువుగా పట్టుకో. గట్టిగా నొక్కొద్దు. అట్టా, గుండ్రంగా. నీళ్ళు నల్లబడేదాకా మాట్లాడొద్దు. ఇప్పుడు ఈ కాగితం తడపండి, మొత్తం తడపండి, మెరవాలి. కుంచె కొస మాత్రం సిరాలో ముంచి ఇక్కడ, మధ్యలో, తాకించి తీసెయ్. తీసెయ్, తీసెయ్, రుద్దబాకు. చూడు, ఎట్టా పోతోందో. దాని మానాన దాన్ని పోనీ.

అమ్మాయ్, ఆ చెంబులో నీళ్ళు అయిపోయినట్టున్నాయి, ఇంకో చెంబు తెప్పించండి.